మంచెల మీది కూత

నమ్మనివాళ్ళుంటే ఇప్పుడే ముసుగుతన్ని పడుకోండి. నమ్మేవాళ్ళు ఇటు జరగండి.

అనగనగా కొండ్రుపాడు అనే ఊళ్ళో నాంచారమ్మని ఒకావిడ ఉండేది. ఎకరం జొన్నచేను, చేలో కరెంటు మోటారు, ఇదే ఆవిడ ఆస్తి. అవి కాక గొంతొకటి. మంచె ఎక్కి చిలకల్ని అదిలించిందంటే, మూడూళ్ళ అవతల రైలాగి, డ్రైవరు దిగి ఎవరమ్మా పిలిచిందని అడిగేవాడు. తగ్గించే చెబుతున్నా బంగారం.

ఆ ఏడు మోటార్ల దొంగలు పడ్డారు. పట్టపగలే, అందరూ అన్నాలకి ఇళ్ళకెళ్ళే వేళ వచ్చి, మోటారు విప్పి రాగితీగ పీక్కుపోయేవాళ్ళు. మొదట చలమయ్య మోటారు పోయింది. ఆ తర్వాత వీరాస్వామిది. ఆ తర్వాత పక్కచేను మస్తానమ్మది. ఇక నాలుగు చేలకీ నాంచారమ్మ మోటారే దిక్కు. జొన్న పాలకంకి మీదుంది. ఆ వారం తడి తప్పితే గింజంతా తాలే.

అప్పుడు నాంచారమ్మ కాపలా పెట్టుకుందామంది. చలమయ్య నవ్వాడు. నీ గొంతుండగా కాపలా ఎందుకు వదినా, దొంగ కనబడితే కేకెయ్యి, వస్తాం అన్నాడు.

మర్నాడే ఎవడో మోటారు దగ్గర తచ్చాడాడు. ఆవిడ కేకేసింది. పోయే మబ్బు వెనక్కి తిరిగి చూసింది. వాడు హడలి పారిపోయాడు. ఊళ్ళోంచి మాత్రం ఒక్కరూ రాలేదు. చిలకల్ని తోలుతోందనుకున్నారు. రోజూ అరిచే గొంతేగా మరి!

ఆ పూట నాంచారమ్మ మోటారు దగ్గరే కూర్చుంది. వాడు మళ్ళీ వస్తాడు. అప్పుడు మోటార్లు పోయిన ముగ్గురినీ పిలిచింది.

"కలుపుకి బదులు వెళ్తాం కదా, నీ చేలో నేనో రోజు, నా చేలో నువ్వో రోజు. కాపలా కూడా అట్లాగే చేద్దాం. ఒక మంచె కూత పెడితే పక్క మంచె అందుకోవాలి. ఊళ్ళో అందరికీ చెప్పండి, కేక వింటే రావద్దు. కేక ఆగితే రండి."

మొదటిరోజు కూత తెగింది. ఊరంతా కర్రలు పట్టుకుని పరిగెత్తింది. చూస్తే చలమయ్య మంచె మీద గుర్రు పెడుతున్నాడు. రెండోరోజు మళ్ళీ తెగింది. వీరాస్వామి నోట్లో గోంగూర ముద్ద ఉంది. ఇక రేపు ఎవరొస్తారని జనం విసుక్కుంటూ పోయారు.

మూడోరోజు దొంగలిద్దరొచ్చారు. ఒకడు మోటారు విప్పుతున్నాడు. ఇంకొకడు ఇనపరాడ్డుతో మంచె కిందికొచ్చి పైకి చూశాడు. నాంచారమ్మ నోరు తెరిచింది. రైళ్ళనాపిన గొంతులోంచి గాలి కూడా రాలేదు. రెండుసార్లు ఉత్తినే పరిగెత్తినవాళ్ళు మూడోసారి వస్తారా? గుంజ పట్టుకుని కళ్ళు మూసుకుంది.

పక్కమంచె మీది మస్తానమ్మకి కూత అందలేదు. ఆవిడా ఆపేసింది. ఆ తర్వాత చలమయ్యా, వీరాస్వామీ ఆపేశారు. పొలమంతా గప్‌చుప్. అప్పుడు నాలుగు వైపులా జొన్న కదిలింది. అన్నం చేతుల్తోనే వచ్చారు, నాలుగువేలమంది! దొంగలు విప్పిన మోటారు మళ్ళీ బిగించి, గ్రీజు కూడా పూసి, దణ్ణం పెట్టి నిలబడ్డారు.

మస్తానమ్మ మంచెక్కి నాంచారమ్మ వీపు నిమిరింది.

"ఇన్నాళ్ళకి నీ గొంతు పనికొచ్చిందక్కా, మూసుకున్నాక."

నాంచారమ్మకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. దిగి మోటారు వేసి, మొదటి తడి మస్తానమ్మ చేనికే మళ్ళించింది.

కథ నడిచింది కంచి దాకా,
మనం చేరాం మంచం దాకా.
అబద్ధమంటే అడిగి రాపో,
ఉందిగా ఇంకా, మస్తానమ్మ!