నారయ్య తడిక, నక్క తలుపు

వాగు గట్టున ఈతచెట్టుకు గూళ్ళు వేలాడదీసుకుని గిజిగాడు నారయ్య కాపురముండేవాడు. ఆ చెట్టు కింద బొరియలో కుందేలు చెవులమ్మ ముగ్గురు పసికూనలతో ఉండేది. మేతకు వెళ్ళాలంటే ఆ తల్లికి గుండె పీచుపీచుమనేది. వెళ్ళకపోతే పాలు పడవు, వెళితే నక్క ఉంది.

ఆమె అవస్థ చూడలేక నారయ్య ఈతనారలో తుమ్మముళ్ళు కలిపి గట్టి తడిక అల్లి ఇచ్చాడు.

"చివరి ముడి నువ్వే వేసుకోవాలి చెల్లీ. నేను అటు తిరుగుతాను. ఎలా వేశావో నాక్కూడా చెప్పకు. తప్పు పోగు లాగితే అది ఇంకా బిగుసుకుంటుంది."

"నీకేమివ్వను అన్నా?"

"ఏమీ వద్దమ్మా. పిల్లలు చల్లగా ఉంటే చాలు. అల్లిక ఎవరైనా దగ్గరికొచ్చి చూసుకోవచ్చు. మొన్న ఎలుక చూసి ఇక్కడ సందుందంటే బిగించాను కూడా."

పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమన్నాడట వెనకటికొకడు! చెవులమ్మకూ అనుమానం మొలిచింది. దానికి నీళ్ళు పోసి పెంచినవాడు నక్క మామ.

"అడగందే అమ్మైనా పెట్టదే! వీడు అడక్కుండా పెట్టాడంటే లోపల దొంగదారి ఉండదూ? పైగా అల్లిక ఊరందరికీ చూపిస్తాడట. అది తాళం వేసినట్టా, తీసినట్టా? నా తలుపు చూడు, నిఖార్సైన మద్దిచెక్క. లోపలి పని మా వంశ రహస్యం, బ్రహ్మకైనా చూపించను. ఊరికే ఇచ్చే రకాన్నీ కాను. కోళ్ళగూటి దగ్గర కుక్క ఎప్పుడు కునుకు తీస్తుందో చెప్పు, చాలు."

తలుపు నిజంగానే నిగనిగలాడుతోంది. చెవులమ్మ దాన్నీ తెచ్చుకుంది గానీ, పిల్లల్ని ఒళ్ళో పొదువుకుని కూర్చుంటే ఒకటే దిగులు. ఎవరిని నమ్మాలి? నమ్మరానివాణ్ణి నమ్మితే ఈ ఒడి ఖాళీ అవుతుంది. ఏడ్చి ఏడ్చి, చివరికి ఒక ఉపాయం ఆలోచించింది.

మర్నాడు పిల్లల్ని తంగేడు పొదలో దాచింది. ఖాళీ బొరియకు తడిక కట్టి గోల పెట్టింది.

"నారయ్యన్నా! ముడి మరిచిపోయాను! పిల్లలు లోపలే ఉండిపోయారు!"

నారయ్య దబ్బున వాలాడు. ఒక పోగు లాగాడు, బిగుసుకుంది. ఇంకోటి లాగాడు, ఇంకా బిగుసుకుంది. ముళ్ళు గుచ్చుకుని ముక్కు పక్కన నెత్తురు కారింది.

"నీ ముడి నాకు తెలీదు తల్లీ. తెలియకూడదనే కదా అటు తిరిగాను. కంగారుపడకు, మెల్లగా గుర్తు తెచ్చుకో. అందాకా నేను వాళ్ళకు తోడుంటాను," అని తడికకు ఆనుకుని, ఆ ఖాళీ బొరియలోకి జోలపాట పాడాడు.

చెవులమ్మ తట్టుకోలేకపోయింది. కాళ్ళ మీద పడి ఉన్నమాట చెప్పేసింది.

నారయ్య కళ్ళు తుడుచుకున్నాడు. "పిల్లలు క్షేమమే కదా? అదే పదివేలు. కానీ నిజంగా మరిచిపోయేవు సుమా! అప్పుడు నావల్ల కూడా కాదు."

ఆ సాయంత్రం బొరియకు నక్క తలుపు ఎక్కింది. చెవులమ్మ అడగ్గానే వచ్చిన ఏదుపంది పెద్దమ్మ లోపల కూర్చుంది. చెవులమ్మ నక్కను కేకేసింది.

"మామా! తలుపు రావట్లేదు! పిల్లలు లోపలున్నారు!"

"ఏడవకే పిచ్చిదానా! నేను చేసిన తలుపు నాకు రాదా? నువ్వెళ్ళి గుక్కెడు నీళ్ళు తాగిరా."

చెవులమ్మ పొద చాటుకు వెళ్ళి తొంగి చూసింది. నక్క అడుగున ఉన్న చిన్న మేకును కాలిగోటితో నొక్కాడు. చెక్క చప్పుడు లేకుండా పక్కకు జరిగింది. నక్క లొట్టలేస్తూ చీకట్లోకి మూతి పెట్టాడు. పెద్దమ్మ వీపు తిప్పి ముళ్ళు విదిల్చింది.

అరిస్తే బొరియలో మూతెందుకు పెట్టావని అడుగుతారాయె. మూతినిండా ముళ్ళతో, తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా వాగు దాటి పోయాడు నక్క మామ.

పిల్లలు మళ్ళీ బొరియ చేరారు. చెవులమ్మ తడిక దగ్గరికి రాగానే నారయ్య అలవాటుగా అటు తిరిగాడు.

"ఇంకా ఎందుకన్నా? నువ్వు చూస్తే మాత్రమేం?"

"వద్దమ్మా. ముందు ముడి వెయ్యి," అన్నాడు నారయ్య, తల తిప్పకుండానే.

నీతి: ఊరికే ఇచ్చాడా, పుచ్చుకుని ఇచ్చాడా అని కాదు, చేసినవాడికి కూడా తెరుచుకోని తాళమే తాళం.