పిలుపుల గుడి

ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట, సరుగుడు తోటలు దాటగానే కనిపించే తెల్లని ప్రార్థనా మందిరమే పిలుపుల గుడి. శంకుస్థాపన రాతి మీద మరో పేరు చెక్కి ఉన్నా, ఆ పేరు చెప్పి దారి అడిగేవారు లేరు. ఆదివారంనాడు పాలెంలోని జాలరులు, ఇటుక బట్టీల పనికి వచ్చిన ఒరియా కుటుంబాలు, రొయ్యల కంపెనీలో పనిచేసే అస్సాం ఆడపిల్లలు ఇక్కడ ఒకే చాపల మీద కూర్చుని ఆరాధిస్తారు.

పూర్వం ఇక్కడ ఉన్నది తాటాకుల పాక. యుద్ధకాలంలో రంగూను మీద బాంబులు పడినప్పుడు, అక్కడికి కూలికి వెళ్ళిన మన జిల్లాలవారు వేలాదిగా అడవులూ కొండలూ పట్టి నడిచి వచ్చారు. దారిలో పోయినవారు పోగా, మిగిలినవారిలో కొందరు ఈ పాలెం చేరారు. వారి వెంట కలరా వస్తుందని ఊరు జంకింది. అప్పటి పాదిరి గెర్షోముగారు మాత్రం పాక తలుపులు బార్లా తీశారు. "మన ప్రభువు పసితనంలో ఐగుప్తుకు పారిపోయినవాడే. ఆయన ఇంట్లో వీళ్ళకు చోటు లేదని నేనెలా చెప్పను?" అని అందరినీ లోపల దించారు.

అలా వచ్చినవారిలో కెజియమ్మ ఒకతె. ఆమె భర్త రంగూను రేవులో బాంబు పడి చనిపోయాడు. ఒక్కగానొక్క కూతురు ఫీబేను వెంటబెట్టుకుని ఆమె బయలుదేరింది. అరకాను కొండల అవతల ఒక ఏటి ఒడ్డున, పడవ కోసం జనం ఒక్కసారిగా తోసుకున్నారు. చేతిలోని చెయ్యి జారిపోయింది. ఒడ్డంతా వెతుకుతూ తిరుగుతున్న ఆమెను తోటివారు బలవంతాన పడవ ఎక్కించారు.

పాలెంలో ఆమె చేపలు ఎండబెట్టే పనికి కుదిరింది. పని చేస్తూనే ఉండేది గాని, జడ విడిపోయిన ఆడపిల్ల ఎదురుపడితే చేతులు వాటంతటవే ఆ జుట్టు వైపు వెళ్ళేవి. పిల్లల తల్లులు చూసీ చూడనట్టు ఊరుకునేవారు.

ఒక మధ్యాహ్నం పాక గుంజకు ఆనుకుని ఆమె కునుకు తీసింది. కలలో అదే ఏరు. అవతలి ఒడ్డున ఫీబే అటు తిరిగి కూర్చుని ఉంది. "ఫీబే, రా అమ్మా" అని ఎంత పిలిచినా తల తిప్పలేదు. పక్కనే పడవలోని నీళ్ళు తోడిపోస్తున్న మనిషి లేచి నిలబడ్డాడు. అతని అరచేతుల్లో గాయపు మచ్చలున్నాయి. "ఇన్నాళ్ళూ ఎవరి మధ్య పెరుగుతోందో, పిల్లకు వాళ్ళ మాటే మిగిలింది. ఆ మాటలో పిలువు. నా ఇంట్లో నిలబడి పిలువు" అన్నాడు.

ఆ ఆదివారం పాదిరిగారు దీవెన పలకబోతుండగా కెజియమ్మ లేచి, "థమీ, లాబా" అని గొంతెత్తి పిలిచింది. 'అమ్మాయీ, రా' అని ఆ బర్మా మాటలకు అర్థం. వలల ఆసామి, సంఘ పెద్ద ఏలీయాకు కోపం వచ్చింది.

"ఇది మందిరమా, సంతా? అర్థంకాని కేకలు ఇక్కడెందుకు?"

"ఆమె పిలిచింది మనల్ని కాదు కదా ఏలీయాగారూ, కూర్చోండి" అన్నారు పాదిరిగారు.

ఏలీయా కూర్చోలేదు. తనవారిని తీసుకుని వెళ్ళిపోయాడు. సగం పాక ఖాళీ అయింది. వానలు దగ్గరపడుతున్నాయి, కప్పుకు తాటాకు ఇచ్చేది ఆయనే. పాదిరిగారు మథనపడి చివరికి కెజియమ్మను అడిగారు: "ఇంటి దగ్గర పిలుచుకోరాదా తల్లీ?"

"ఇంటికాడ పిలిస్తే నా ఏడుపు నాకే ఇనబడతాదయ్యా. ఇక్కడైతే ఆయన కూడా ఇంటాడు."

పాదిరిగారు మళ్ళీ ఆ ఊసెత్తలేదు. కొన్ని వారాలకు ఒక అరవ ముసలాయన లేచి తప్పిపోయిన తమ్ముణ్ణి పిలిచాడు. ఆ తరువాత ఒక ఒరియా వితంతువు లేచింది.

కారుతున్న కప్పు కిందే ఆరాధన జరుగుతున్న ఒక ఆదివారం, కెజియమ్మ పిలుపు ముగియకముందే గుమ్మంలో "అమే" అని వినిపించింది. అంటే అమ్మ. వానలో తడిసిన ఒక ఆడపిల్ల నిలబడి ఉంది. కెజియమ్మ జనాన్ని తోసుకుంటూ వెళ్ళి ఆ ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. ఫీబే కాదు.

ఆ పిల్ల పేరు మా ఖిన్. తండ్రి తెలుగువాడు, తల్లి బర్మా మనిషి. తల్లి అక్కడే పోయింది, తండ్రి శరణార్థుల శిబిరంలో పోయాడు. తెలుగు రాదు. రైలు స్టేషనుకు వెళ్ళే శరణార్థుల గుంపు వెనకాల నడుస్తూ, నెలల తరువాత తనకు అర్థమైన మాట చెవిన పడితే, పిలిచింది తననే అనుకుని వచ్చింది.

కెజియమ్మ చేతులు జారిపోయాయి. వానలోకి నడిచి, ఇసుకలో కూలబడింది. పిల్ల లోపలికి రావాలో వెళ్ళిపోవాలో తెలియక గుమ్మంలోనే ఉండిపోయింది. చాలాసేపటికి కెజియమ్మ లేచి వచ్చి, కొంగుతో ఆ పిల్ల తల తుడుస్తూ బర్మా మాటల్లో అడిగింది, అన్నం తిన్నావా అని. లేదని పిల్ల తల ఊపింది.

పాకకు ఎదురుగా తన సావిట్లో కూర్చుని వల అల్లుకుంటున్న ఏలీయా ఇదంతా చూశాడు. మరుసటి ఆదివారం తాటాకు మోపులతో మనుషులు వచ్చారు, వెనకాల ఆయన వచ్చాడు. దీవెనకు ముందు లేచి నిలబడి, "సీమోనూ, ఇంటికి రారా" అన్నాడు. సీమోను ఆయన పెద్దకొడుకు. సముద్రం మీద చేపల వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. ఆ తరువాత ఆ పేరు ఆయన నోట ఊరు వినడం అదే మొదలు.

ఫీబే రాలేదు. మా ఖిన్‌కు ఆ పేరు పెడదామని ఎవరో అంటే కెజియమ్మ ఒప్పుకోలేదు. "దాని పేరు దానికుంది, దీని పేరు దీనికుంది" అంది. ముసలితనంలో కాళ్ళు నిలవకపోతే మా ఖిన్ భుజం పట్టుకుని లేచి పిలిచేది. ఆమె సమాధి మందిరానికి తూర్పున ఉంది.

నేటికీ దీవెనకు ముందు సంఘమంతా మౌనంగా కూర్చుంటుంది. తమవారికి దూరమైనవారు లేచి తమ తమ భాషలో పిలుస్తారు. అర్థమేమిటని ఎవరూ అడగరు. పిలిచిన ప్రతివారూ తిరిగి వస్తారని ఈ మందిరం మాట ఇవ్వదు. వచ్చినవారున్నారు, రానివారే ఎక్కువ. అయితే పిలిచి కూర్చున్నవారిని ఆ పూట ఒంటరిగా వెళ్ళనివ్వడం ఇక్కడి ఆచారం కాదు. ఎవరో ఒకరు ఇంటికి తీసుకువెళ్ళి భోజనం పెట్టి పంపుతారు.

దర్శించవచ్చిన మీ పిలుపును ప్రభువు ఆలకించును గాక. ఎక్కడో ఎవరైనా మీ పేరు పెట్టి పిలుస్తూ ఉంటే, అది మీ చెవిన పడును గాక.