బూరుగు మేడలో పిల్లల గోల

అడవి నడిబొడ్డున నాలుగు దారులు కలిసే చోట ఒక నీటిమడుగు ఉండేది. మడుగు చుట్టుపక్కల ఎవరూ ఎవరినీ వేటాడకూడదని ఏనుగు గౌరమ్మ కట్టుబాటు పెట్టింది. అందుకే పిల్లలున్న వాళ్ళంతా ఎలాగోలా అక్కడే కాపురం పెట్టాలని చూసేవాళ్ళు.

ఉడత చారమ్మ ఆ మడుగు ఒడ్డు పొదల్లోనే పుట్టింది, అక్కడే నలుగురు పిల్లల్ని కన్నది. మొగుడు గాలివానలో పోయాక ఇరుగుపొరుగే ఆమెకు దిక్కయ్యారు. ఆమె మేతకు వెళితే పక్క పొదలోని గోరింక పిల్లల్ని కనిపెట్టుకుని ఉండేది. గోరింక వెళితే ఈమె ఉండేది.

ఒకనాడు నక్క జంబయ్య అందరినీ పోగుచేసి, ఈ ముళ్ళపొదల్లో ఎన్నాళ్ళు ఇరుక్కుని బతుకుతారని అడిగాడు. ఒడ్డున ఎండిపోయిన బూరుగు చెట్టు ఆకాశమంత ఎత్తున ఊరికే నిలబడి ఉందని, వడ్రంగి పిట్ట సుత్తెయ్య చేత పైనుంచి కిందదాకా తొర్రలు తొలిపిస్తే అరవై ఇళ్ళవుతాయని, గాలికి గాలి, వెలుతురుకి వెలుతురని, పాముల భయమే ఉండదని ఊరించాడు. దారి కోసం పొదలు మాత్రం తీసేయాలన్నాడు. మరి పిల్లలు ఎక్కడ ఆడుకుంటారని గౌరమ్మ అడిగితే, నేరేడు చెట్ల నీడంతా వాళ్ళదేనని మాటిచ్చాడు. అందరూ సరేనన్నారు. గేదెలు పొదల్ని తొక్కి నేలమట్టం చేశాయి.

తీరా మేడ పూర్తయ్యాక చూస్తే, ఒక్కో తొర్రలో ఒక్కరు అటు నుంచి ఇటు తిరగడమే కష్టంగా ఉంది. జంబయ్య ఇచ్చిన కొలత ప్రకారమే తొలిచానని సుత్తెయ్య తలవంచుకున్నాడు. జంబయ్య మాత్రం తొణక్కుండా, ఈ మేడ ఒంటరిగా ఉండేవాళ్ళకేనని, పిల్లల గోల ఇక్కడ కుదరదని, సంసారులు రాళ్ళగుట్ట మీదికి పోతే కావలసినంత చోటుందని చెప్పాడు. గుట్ట మీద నీళ్ళు లేవు. పైన డేగలు తిరుగుతుంటాయి. అది జంబయ్యకూ తెలుసు. కానీ ఒంటరివాళ్ళు పొద్దున్నే పోయి చీకటిపడే వేళకు వస్తారు, పగలంతా రాలే నేరేడు పళ్ళు తనవే అవుతాయి. కాపలా పేరుతో చెట్టు మొదట్లోని పెద్ద తొర్ర కూడా తనే ఉంచుకున్నాడు.

చారమ్మకు మూడు రోజులు తిండి సయించలేదు. గుట్ట మీద డేగల నీడ పడితే నలుగురిలో ఎవరిని ముందు దాచుకోవాలో ఆమెకు పాలుపోలేదు.

నాలుగోనాటి ఉదయం నీళ్ళకు వెళుతుంటే జంబయ్య తొర్రలోంచి సన్నని కుయ్యి కుయ్యి వినిపించింది. వెంటనే ఆడనక్క గొంతు, "ఊరుకోండర్రా, మీరిక్కడున్నట్టు బయటివాళ్ళకు తెలిస్తే నాన్న నన్ను బతకనివ్వడు" అని బతిమాలుతోంది. చారమ్మకు ముందు ఒళ్ళు మండింది. తర్వాత, ఆ బాలింత పగలంతా చీకట్లో పిల్లల నోరు నొక్కుకుని ఎలా ఉంటోందో అనిపించి జాలేసింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

గుట్టకు పోయే సంగతి తేల్చుకోవడానికి ఆ మధ్యాహ్నమే గౌరమ్మ ఎదుట అందరూ చేరారు. చారమ్మ మెల్లగా ముందుకొచ్చింది.

"జంబన్నా, పిల్లలున్నవాళ్ళు పోవాల్సిందేనన్న మాట అందరికీ ఒకటేనా?"

"అందరికీ ఒకటే తల్లీ. నాకైనా అంతే."

"గౌరమ్మ పెద్దమ్మ వింటోంది మరి."

"వినాలనే చెబుతున్నాను" అన్నాడు జంబయ్య ఛాతీ విరుచుకుని.

అయితే వెళ్ళిపోయే ముందు పిల్లల్ని ఒక్కసారి నేరేడు నీడలో ఆడుకోనివ్వమని చారమ్మ అడిగింది. గౌరమ్మ తలూపింది. ఉడత పిల్లలు, గోరింక పిల్లలు నేరేడు పళ్ళు దొర్లించుకుంటూ బూరుగు మొదలు చుట్టూ ఒకటే పరుగులు, ఒకటే కేరింతలు. కాసేపటికి పెద్ద తొర్రలోంచి ఒక చిన్న ముక్కు బయటికొచ్చింది. ఆ వెనకే మూడు నక్కపిల్లలు దొర్లుకుంటూ వచ్చి ఆటలో కలిసిపోయాయి.

జంబయ్య గొంతు సవరించుకుని, అవి తన మరదలి పిల్లలని, చుట్టపుచూపుగా వచ్చాయని మొదలెట్టాడు. అంతలో అందరికంటే చిన్నది వచ్చి అతని కాలు పట్టుకుంది.

"నాన్నా, రోజూ ఆడుకోనిస్తావా?"

గేదెలు సైతం నవ్వాయి. గౌరమ్మ నవ్వలేదు. పొద్దుగూకేలోగా నువ్వే గుట్టెక్కు అని జంబయ్యకు చెప్పింది. తొర్ర గుమ్మంలో ఆడనక్క మొహం పాలిపోయింది. మూడు రోజులుగా మడుగు నీళ్ళలో తన మొహం అలాగే కనిపించడం చారమ్మకు గుర్తొచ్చింది.

"వాళ్ళను పంపొద్దు పెద్దమ్మా. ఆ పసివాళ్ళు కూడా డేగల పాలవుతారు. పిల్లలున్నవాళ్ళు పోవాలన్న ఆ మాటనే ఎత్తేయండి, అందరం ఉంటాం."

గౌరమ్మ అలాగే తీర్పు చెప్పింది. సుత్తెయ్య మళ్ళీ ముక్కు పదును పెట్టుకుని, రెండేసి మూడేసి తొర్రల్ని లోపలినుంచి కలిపి సంసారాలకు సరిపోయేలా చేశాడు. రాలిన చెక్కపొట్టు ఎత్తిపోయడం, పెద్దవాళ్ళు మేతకు వెళితే నీడలో పిల్లలందరినీ కనిపెట్టుకుని ఉండడం జంబయ్య వంతయింది. పళ్ళు ముందు పిల్లలు తిన్నాకే అతనికి.

చారమ్మ కొత్తింట్లో దిగిన రోజున ఆడనక్క మెత్తటి గడ్డి నోట కరుచుకొచ్చి చెట్టు కింద పెట్టింది. గోరింక ఆ గడ్డిని పైకి చేరవేసింది. చారమ్మ పిల్లల్ని పడుకోబెట్టి గుమ్మంలో కూర్చుంది. పై అంతస్తులో సుత్తెయ్య ఇంకెవరికో గోడ తొలుస్తున్నాడు, కింద గోరింక ఎవరి పిల్లల్నో కసురుతోంది. ఇంతమంది మధ్య తన పిల్లలు పెరగబోతున్నారన్న తలపుకు ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. ఒక్కొక్కరి పేరూ తలుచుకుని చేతులు జోడించింది. ఆ పేర్లలో ఆడనక్క పేరూ ఉంది.

ఎదుటివాళ్ళ పిల్లలకు చోటు లేదనేవాడు ముందు తన ఇంట్లోకి తొంగిచూసుకోవాలి.