కప్పు దాటిన గీత

ఏ ఊళ్లో ఎంత పండిందో చూడగానే తెలిసేలా సభామండపం గోడమీద గీతలు గీయమని రాజు బొమ్మలు గీసే పోలమ్మను పిలిపించాడు. పంట ఎంతైతే గీత అంత పొడుగు. వరదకు దారి తెగి ఏటిపాలెం కొలత మాత్రం రాలేదు.

"రానిదానికి సున్నా వెయ్యి," అన్నాడు మంత్రి. సున్నా పడ్డ ఊరి పొలాలు వేరేవాళ్లకు ఇచ్చెయ్యడం ఆ రాజ్యంలో రివాజు. "చివర్న ప్రభువుల దానగుణానికీ ఓ గీత గియ్యి. అది అనంతం సుమా!"

మర్నాడు రాజు వచ్చేసరికి పోలమ్మ నిచ్చెనెక్కి కప్పు పెంకులు ఊడదీస్తోంది.

"ఏమిటీ పని?"

"తమ గీతకు అంతే లేదట ప్రభూ! గోడ అయిపోయింది. కప్పు తీస్తేగాని పైకి సాగదు."

రాజు నెత్తిన చినుకు పడింది. "ఆపవమ్మా! గీయలేనిదాన్ని గీయడమెందుకు? అక్కడ ఖాళీ వదిలి, కింద కారణం రాయి."

"చిత్తం. మరి ఏటిపాలేనికో?"

రాజు మంత్రివైపు చూశాడు. మంత్రి పెంకులవైపు చూశాడు.

"దానికీ అంతే. భలేదానివే!" అని రాజు పకపకా నవ్వాడు.

ఆ ఏడు ఏటిపాలెం పొలాలు ఏటిపాలెంవాళ్లే దున్నుకున్నారు. వాన పడి, పెంకులు ఊడిన ఆ మూల కారినప్పుడల్లా రాజు మంత్రినే అక్కడ కూచోబెట్టేవాడట.