పైడితల్లి పద్ధతి

గవర్రాజు మాస్టారిని ప్రశ్న అడిగి, జవాబు చేతపట్టుకుని ఇంటికెళ్ళినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. అడిగితే "ఊఁ" అంటారు. మళ్ళీ అడిగితే లేచి చెప్పులు వేసుకుంటారు. ఆయన వెనకాలే మనమూ నడవాలి. ఆ నడకలో ఏదో ఒకటి జరుగుతుంది, ఒక్కోసారి ఏమీ జరగదు. మనకి కావలసింది అందులోంచి మనమే ఏరుకోవాలి. ఆయన లెక్కల మాస్టారుగా రిటైరై పద్దెనిమిదేళ్ళు దాటింది. అయినా ఆయన దగ్గర చదువుకుని మేష్టర్లమైనవాళ్ళం ఇప్పటికీ ఆదివారం పూట ఆయన అరుగెక్కుతూనే ఉంటాం. ఎందుకని నన్నడక్కండి. నాకూ ఏడాదిలో రిటైర్మెంటు, రెండు మోకాళ్ళూ నొప్పులు. వారానికి ఒక్క సెలవు రోజు కాస్త నడుం వాల్చక ఈ తిరుగుడేమిటని మా ఆవిడ చేత చీవాట్లు తింటూనే వెళుతుంటాను.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున్న నేను వెళ్ళేసరికి హైమవతి అక్కడుంది. మాస్టారి ఆఖరి బ్యాచి శిష్యురాలు. గవర్నమెంటు బళ్ళో లెక్కలు చెబుతుంది. ఏడాదిన్నర జపానులో ఉండి, అక్కడి బళ్ళలో వెనకబెంచీల్లో కూర్చుని, వాళ్ళు పిల్లలకి ఏం చెబుతారో, ఎలా చెబుతారో రాసుకుని వచ్చింది. ఆ దేశపు చదువునీ మన చదువునీ పక్కపక్కన పెట్టి యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. ఆ గ్రంథం బుధవారం అప్పజెప్పాలట. దిండంత కట్ట, పచ్చ అట్ట వేయించి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మనిషి మాత్రం పీక్కుపోయి ఉంది. నన్ను చూసి నమస్కారం పెట్టడానికి కూడా ఓపిక లేనట్టు తలూపింది.

"మాస్టారూ, అక్కడ నా కళ్ళతో చూసిన పద్ధతి. పిల్లలు ఎగిరి గంతేసేవారు. అదే ఇక్కడ చేస్తే ఒక పిల్ల బడి మానేసింది. తప్పు మన పిల్లలదా, మన దేశానిదా?" అని అడిగింది.

జరిగిందేమిటంటే, జపానులో ఆమె చూసిన బళ్ళలో గంటంతా ఒకటే లెక్క చేయిస్తారట. పిల్లలు బోర్డు మీద రాసింది ఒప్పయినా తప్పయినా తుడవరట. పక్కన ఆ పిల్ల పేరు రాస్తారు. ఈ అమ్మాయి ఎందుకిలా ఆలోచించిందో చూద్దామని క్లాసంతా దాని మీద మాట్లాడుకుంటారు. వినడానికి ముచ్చటగానే ఉంది. మన సంగతి మీకు తెలియంది కాదు. పిల్ల తప్పు రాసీ రాయకముందే క్లాసు లీడరు డస్టరు పట్టుకుని లేస్తుంది. ముప్పై రెండేళ్ళుగా నేనూ అలాగే తుడిపిస్తున్నాను. ఇదేమిటని ఇంతవరకు నన్నెవరూ అడగలేదు.

హైమ ఆరో తరగతిలో అరకి మూడోవంతు కలపమని లెక్క ఇచ్చి, పైడితల్లి అనే పిల్లని బోర్డు దగ్గరికి పిలిచింది. ఆ పిల్ల పైవాటిని పైవాటితో, కిందవాటిని కిందవాటితో కలిపేసి రెండు బై ఐదు అని రాసింది. మన పిల్లల్లో సగం మంది రాసేది అదే. అలవాటు ప్రకారం లీడరు లేచింది. "తుడవకు!" అంది హైమ. రంగు చాక్‌పీసు తీసి పక్కనే 'పైడితల్లి పద్ధతి' అని పెద్దక్షరాలతో రాసింది. "సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తక్కువ ఎలా వచ్చింది? అందరూ ఆలోచించండి" అంది. ఒక్కరూ ఆలోచించలేదు, అందరూ నవ్వారు. పైడితల్లి తలొంచుకుని కూర్చుంది. గంట కొట్టినా బోర్డు తుడవలేదు. తర్వాత ఆ గదిలోకి వచ్చిన తొమ్మిదో తరగతి వాళ్ళు అది చదివారు. సాయంత్రం బడి వదిలేసరికి ఊళ్ళో ఆ పిల్లని పైడితల్లి అని పిలిచేవాళ్ళు లేరు. రెండుబైఐదు, రెండుబైఐదు అని వీధి పొడుగునా కేకలేశారట. మర్నాటి నుంచి పిల్ల రాలేదు. పదకొండు రోజులైంది. మా వైపు ఆడపిల్ల నెల్లాళ్ళు బడి మానేసిందంటే ఇక మళ్ళీ గడప తొక్కదు. అది హైమకీ తెలుసు.

"పిల్లల చేత కబురు పంపానండి. హెచ్చెమ్ గారి చేత ఫోన్ చేయించాను. రానంటోంది" అంది.

"నువ్వు వెళ్ళావా?" అన్నారు మాస్టారు.

"లేదండి. ఈ రాత పనితో తీరలేదు."

మాస్టారు "ఊఁ" అన్నారు. లేచి చెప్పులు వేసుకున్నారు. నాకు ప్రాణం ఉసూరుమంది.

బస్సు దిగి ఆ పిల్ల ఊరి లోపలికి కిలోమీటరు పైన నడవాలి. పదకొండు గంటల ఎండ. డెబ్బై ఆరేళ్ళ మనిషి ముందు నడుస్తుంటే నేను కుంటుకుంటూ వెనక, మధ్యలో ఆ కట్ట గుండెకి అదుముకుని హైమ. పైడితల్లి వాళ్ళింటి ముందు పాకలో నలుగురాడవాళ్ళు చింతపండు కొట్టి పిక్కలు తీస్తున్నారు. వాళ్ళ మధ్యలో చిన్న కొయ్యసుత్తి పట్టుకుని పైడితల్లి కూర్చుంది. టీచర్ని చూడగానే సుత్తి పడేసి ఇంట్లోకి పరిగెత్తి తలుపు వెనక నిలబడింది. గౌను అంచు బయటికి కనబడుతూనే ఉంది.

వాళ్ళమ్మ లేచి మంచం వాల్చింది. చెంబుతో నీళ్ళిచ్చింది. "ఏటి టీచరుగారూ, ఇంత ఎండలో వొచ్చినారు" అంది. మర్యాదకేమీ లోటు చెయ్యలేదు. మళ్ళీ కూర్చుని పిక్కలు తీస్తూ, చింతపండు వైపే చూస్తూ అడిగింది.

"గోడ మీద పేరెక్కించేరంటే ఓట్లకి నిలబడినోళ్ళదైనా అవ్వాల, పాడుపని సేసినోళ్ళదైనా అవ్వాల. మా గుంట పేరు ఈ రెంట్లో ఏదమ్మా?"

హైమ గబగబా చెప్పింది. అది శిక్ష కాదని, జపానులో అలా పేరు రాస్తే పిల్లలు గర్వపడతారని, తప్పులోంచే పాఠం పుడుతుందని, పెద్ద పెద్ద దేశాలు దాన్ని నేర్చుకుంటున్నాయని చెప్పింది. బాగానే చెప్పింది, నిజమే చెప్పింది. ఆ తల్లి ఆసాంతం విన్నది.

"అయితే ఆ దేశంలో రాసీవలసింది" అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

అంతలో తలుపు వెనకనించి సన్నగా గొంతు వినిపించింది. "టీచర్, మీకెప్పుడైనా తప్పొచ్చిందా?"

"లేదమ్మా! శ్రద్ధగా చదువుకుంటే తప్పులెందుకొస్తాయి? నువ్వూ బడికొచ్చి చదువుకుంటే నీకూ రావు" అంది హైమ.

ఆలోచించి అన్నది కాదు, నోట్లోంచి వచ్చేసింది. నన్నడిగినా అదే అనేవాణ్ణి. మేష్టర్ల నోళ్ళు అలా తిరిగిపోతాయి. గౌను అంచు లోపలికి వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది, లోపల గడియ పడింది. తల్లి ఆ తలుపు వైపు చూసి, మా వైపు చూసి, "ఇంక నానేటి సెప్పగల్ను బాబూ" అని మాస్టారితో అంది. మాస్టారు ఆవిడకి రెండు చేతులూ జోడించి దండం పెట్టి బయల్దేరారు. ఇంత ఎండన పడి వచ్చి ఒక్క మాట కూడా ఆడకుండా వెళ్ళిపోతున్నాడేమిటీ పెద్దమనిషి అని నాకు కడుపు మండిపోయింది.

ఆ బస్సు స్టాపులో నీడంటూ ఉంటే అది ఎదురుగా ఉన్న సోడాల బడ్డీది. అది కూడా ఆదివారమని మూసేశారు. మాస్టారు మైలురాయి మీద కూర్చుని, "ఆ పుస్తకం ఇలా ఇవ్వమ్మా" అన్నారు. నేను ఆయన భుజం మీదుగా చూశాను. ప్రతి పేజీలోనూ రెండు గళ్ళు. ఎడమవైపు 'ఇక్కడ', కుడివైపు 'అక్కడ'. ఇక్కడ బట్టీ, అక్కడ ఆలోచన. ఇక్కడ సిలబస్ పూర్తి చేయడం, అక్కడ పిల్లకి అర్థమవడం. ఇక్కడ బెత్తం, అక్కడ ఓపిక. చదువుతుంటే నాకు ఒళ్ళు మండుకొచ్చింది. అబద్ధాలైతే అంత మండేది కాదు. ముప్పై రెండేళ్ళ నా ఉద్యోగమంతా ఆ ఎడమవైపు గడిలోనే ఉంది.

పేజీలు తిప్పుతూ మాస్టారు అడిగారు. "అక్కడ నువ్వు పాఠం చెప్పావా?"

హైమ "ఒక్కసారి చెప్పానండి" అంది. తర్వాత దానంతట అదే బయటికి వచ్చింది. చివరి నెలలో ఆమెని ఐదో తరగతికి ఒక గంట చెప్పమన్నారట. ముప్పైమంది టీచర్లు గది చుట్టూ నిలబడి చూశారట. అందులో ఒక పిల్ల ఈమె ఎదురుచూడని జవాబు ఇచ్చింది. ఈమె కాదని చెప్పి, సరైన జవాబున్న పిల్లని లేపి, పాఠం పూర్తి చేసేసింది. సాయంత్రం అందరూ కూర్చున్నప్పుడు అడిగారట, ఆ పిల్ల అలా ఎందుకు అనుకుని ఉంటుందని. ఈమె ఆ పిల్లని అడగనే లేదు. బోర్డు మీద 'హైమవతి' అని రాసి, ఆ ఒక్క తప్పు మీదే గంటన్నర మాట్లాడారట.

"బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చానండి. విమానం ఎక్కి వచ్చేద్దామనుకున్నాను" అంది.

"మరి రాలేదేం?"

"వాళ్ళలో ఒక పెద్దాయన ఉన్నాడండి. నా పేరు రాయకముందే ఆయన లేచి తన పేరు రాసుకున్నాడు. పాతికేళ్ళ కిందట తను పాడుచేసిన పాఠం ఒకటి పూసగుచ్చినట్టు చెప్పాడు. ఏడుపు మొహంతో ఆయన పక్కనే కూర్చున్నాను. నన్ను ఓదార్చడానికి మర్యాదకి చెబుతున్నాడనుకున్నానే గానీ..."

అక్కడితో ఆగిపోయింది. చెబుతున్న మాట ఆమె చెవికే అప్పుడు వినబడినట్టుంది.

"ఈ సంగతి ఇందులో ఎక్కడుందమ్మా?"

"లేదండి. సబ్జెక్టుకి సంబంధం లేదని..."

"పైడితల్లి సంగతి?"

"అరవై ఒకటో పేజీలోనండి. పద్ధతి అమలులో ఎదురైన ఇబ్బందులు అన్నచోట."

మాస్టారు అరవై ఒకటో పేజీ తీసి, కళ్ళజోడు సర్దుకుని చదివారు. పిల్ల పేరు, తరగతి, రాసిన జవాబు, అన్నీ ఉన్నాయి. ఎక్కడా తొందరపడకుండా చివరిదాకా చదివి, పుస్తకం మూసి, పచ్చ అట్ట ఆమె వైపు తిప్పారు.

"పిల్ల పేరు తప్పు పక్కన ఉంది. నీ పేరు అట్ట మీద ఉంది" అన్నారు.

హైమ నడిరోడ్డు మీద నిలబడి ఏడ్చింది. దాచుకోలేదు, కొంగు అడ్డం పెట్టుకోలేదు. "సిగ్గుగా ఉంది మాస్టారూ, చచ్చేంత సిగ్గుగా ఉంది" అంది. నాకూ సిగ్గేసింది. నా తప్పులు ఏ అట్ట వెనకా కూడా లేవు. కనబడిన చోటల్లా వాటి మీద డస్టరు పడిపోయింది.

అప్పుడు బస్సొచ్చింది. తర్వాతది రెండు గంటల దాకా లేదు. నేను చెయ్యెత్తి ఆపి, మాస్టారికి చెయ్యందించి వెనక్కి తిరిగి చూస్తే హైమ లేదు. ఆ కట్టని మైలురాయి పక్కన వదిలేసి, కళ్ళు తుడుచుకుంటూ ఊళ్ళోకి నడుస్తోంది. మాస్టారు బస్సెక్కలేదు. ఆయన ఎక్కకపోతే నేనెలా ఎక్కుతాను? కండక్టరు మా ఇద్దరినీ చెడామడా తిట్టి రైట్ చెప్పాడు. మళ్ళీ ఎండలో కూలబడ్డాం. దాహం వేస్తోంది, మోకాళ్ళు సలుపుతున్నాయి, ఇంటికెళితే మా ఆవిడకి ఏం చెప్పాలో తెలియడం లేదు.

ఉక్రోషం ఆపుకోలేక అడిగేశాను. "వెళ్ళి తన తప్పు చెప్పుకున్నంత మాత్రాన ఆ గడియ తీస్తారని ఏమిటి నమ్మకం? ఆ పిల్ల మళ్ళీ బడికొస్తుందంటారా మాస్టారూ?"

మాస్టారు కళ్ళు మూసుకుని ఉన్నారు. ఆయనా అలిసిపోయారు.

"పిల్ల సంగతి నాకు తెలీదోయ్. టీచరైతే ఇవాళ బడికి వెళ్ళింది" అన్నారు.