పేరు రాయని నోటీసు

మీ మున్సిపల్ ఆఫీసు గోడ మీద అంటించిన టెండరు నోటీసును మీలో ఎవరైనా మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదివారా? సిగ్గుపడకండి. హైమ సంగతి తెలిసేదాకా నేనూ చదవలేదు.

పేరిందేవి గారు మున్సిపల్ ఇంజనీరుగా ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యారు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు సాయంత్రాలు ఆవిడ ఇంటి వరండాలో చేరి పని నేర్చుకుంటారు. ఆవిడకి ఒక అలవాటుంది. ఎవరైనా గట్టి ప్రశ్న అడిగితే కూర్చుని జవాబు చెప్పరు. లేచి చెప్పులేసుకుంటారు.

హైమ చేరి ఆర్నెల్లయింది. ఎనిమిదో వార్డు బడికి అరవై బల్లలు కొనడానికి నోటీసు రాసింది ఆమే. వచ్చింది ఒక్కటే టెండరు, వడ్రంగి కనకాచారిది. ధర సబబుగానే ఉంది. ఆ టెండరు ఒప్పుకోవచ్చనో, మళ్లీ పిలవాలనో మర్నాడు పొద్దున్నకల్లా ఆమె ఫైలు మీద రాయాలి. మళ్లీ పిలువు అన్నారు పేరిందేవి గారు. హైమకి అది మింగుడుపడలేదు.

"మేడమ్, నేనెవరి దగ్గరా టీ చుక్క కూడా తాగలేదు. నోటీసు పదిహేను రోజులు గోడ మీదే ఉంది. ఎవరూ రాకపోతే నా తప్పా? మళ్లీ పిలిస్తే ఇంకో మూడు వారాలు. ఈ వానల్లో, చెమ్మ నేల మీద, గోనెపట్టాలేసుకుని పిల్లలు కూర్చోవాలి. చేతులు శుభ్రంగా ఉన్నాక ఇంకేం చూడాలి?"

"ఆ నోటీసు కాపీ తెచ్చావా?" అని అడిగి, పేరిందేవి గారు చెప్పులేసుకున్నారు.

ఇద్దరూ నడిచి ఇనప సామాన్ల వీధిలో మస్తాన్‌బీ వెల్డింగు షాపుకి వెళ్లారు. పెళ్లి మండపాల కుర్చీలు, ఆస్పత్రి మంచాలు చేస్తుందామె. నల్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, పేరిందేవి గారికి నమస్కారం పెట్టింది.

"బల్లల టెండరు వెయ్యలేదేం, మస్తాన్‌బీ?" అన్నారు పేరిందేవి గారు, కాగితం చేతికిచ్చి.

"చూశానమ్మా. చూసి వచ్చేశాను." అయినా పైకి చదివింది. "అయిదడుగుల మూడంగుళాల పొడవు. టేకు. అంచుకి ముప్పావంగుళం ఏటవాలు. కాళ్లకి లోపలివైపు అర్ధచంద్రం చెక్కుడు..." అక్కడ ఆగి, ఎదుటి షాపు వైపు కేకేసింది. "కనకం మావయ్యా! ఇలా రా! నీ ఫొటో గోడకి అంటించారు!"

ముసలాయన చేతికంటిన చెక్కపొట్టు దులుపుకుంటూ వచ్చాడు. కాగితం చూసి నొచ్చుకున్నాడు. "అది మా తాత పెట్టిన చెక్కుడమ్మా. మా ఇంటి గుర్తు. దాంతో బలమేం రాదు. నోటీసులో ఎందుకు పెట్టారో నాకూ తెలీదు."

హైమ మొహం ఎర్రబడింది. "బళ్లో ఒక పాత బల్లుంది. నలభై ఏళ్లయినా కదల్లేదు. మంచి బల్ల కదాని, టేపు పెట్టి అంగుళం వదలకుండా కొలిచి రాశాను."

"మంచిదే, ఎవరు కాదన్నారు?" అంది మస్తాన్‌బీ. "ఇనప కాళ్లేసి, పైన చెక్క బిగించి నేనూ ఇస్తాను గట్టి బల్ల. కానీ అమ్మాయిగారూ, మీరు పేరొక్కటే రాయలేదు. ముఖం మొత్తం గీసిపెట్టారు. ఇంక మేమెందుకొస్తాం?"

హైమ తనకి మిగిలిన ఒక్క వాదన పట్టుకుంది. "మరి పిల్లలు? ఇంకో మూడు వారాలు..."

"నా కూతురు ఆ బళ్లోనే ఏడో తరగతి. ఆ నేల మీదే కూర్చుంటోంది. ఇంకో మూడు వారాలు కూర్చుంటుంది. దాని బల్ల చేసే పోటీలోకి నన్ను రానివ్వండి, చాలు."

హైమ పక్కనున్న డ్రమ్ము మీద కాగితం పరిచి, తన నోటీసులో ఎనిమిది వరసలు కొట్టేసింది. వాటి చోట రెండే రాసింది: ఇద్దరు పిల్లలు కూర్చుని రాసుకోగలగాలి, ఇద్దరు పెద్దవాళ్లు ఎక్కి నిలబడినా ఊగకూడదు. కనకాచారి మెడ చాచి చదివి, "అంచులు గీసుకోకూడదని కూడా రాయమ్మా, పిల్లలు కదా," అన్నాడు. అదీ చేర్చింది.

రెండోసారి అయిదు కవర్లొచ్చాయి. ఎవరికి దక్కిందో నేను చెప్పను. మీరు అదే అడుగుతారని తెలిసే చెప్పడం లేదు.

నోటీసు దిద్దిన ఆ సాయంత్రమే, మస్తాన్‌బీ షాపు నుంచి తిరిగొస్తూ దారిలో హైమ అడిగింది. "మేడమ్, ఇంత చేశాక మళ్లీ కనకాచారి గారికే వస్తే? అప్పుడీ మూడు వారాలూ దేనికి?"

పేరిందేవి గారు గుమ్మంలో చెప్పులు విడిచారు. "అప్పుడాయన గెలిచాడంటాం, అమ్మాయ్. పోటీయే లేకుండా ఇవాళ నీ ఫైల్లో ఉన్న ఒక్క టెండరుని ఏమంటారో ఆయన్నే అడుగు."

రేపు మీ ఆఫీసు గోడ దగ్గర ఒక్క అయిదు నిమిషాలు ఆగండి. నోటీసు చివరిదాకా చదవండి. అందులో ఎవరి ముఖమైనా కనిపిస్తే, నేరుగా లోపలికెళ్లి అడగండి.