కూత ఆగిపోయిన ఈశ్వరి

అనగనగా... మరీ అంత అనగనగా కాదులే బుజ్జీ, మొన్నమొన్ననే, జీడితోటల మధ్య ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో ఈశ్వరి అని పద్నాలుగేళ్ళ పిల్ల ఉండేది. వాళ్ళమ్మ సూరమ్మ జీడిపప్పు వొలిచే షెడ్డులో పనిచేసేది. నాన్న లారీ మీద పోతే పదిహేను రోజులకి గానీ వచ్చేవాడు కాదు.

ఈశ్వరి కబడ్డీ ఆడేది. ఎలా ఆడేదనుకున్నావు! గుండ్రటి భుజాలు, గట్టి పిక్కలు. కూతకి వెళ్ళిందంటే నలుగురు పట్టుకున్నా గీత దాకా ఈడ్చుకొచ్చేసేది. స్నేహితురాలు గౌతమి ఇవతల నిలబడి "లాగెయ్యవే, లాగెయ్!" అని గొంతు చించుకునేది.

అప్పుడు ఒకరోజు బడి నుంచి వచ్చి, అమ్మ ఫోన్‌లో చిన్న చిన్న వీడియోలు చూస్తూ కూర్చుంది. ఒకమ్మాయి డాన్స్ చేస్తోంది. నడుము పిడికెడు. ఎంత బావుందో అని ఈశ్వరి మళ్ళీ చూసింది. అంతే. ఆ ఫోన్ అలాంటి అమ్మాయినే ఇంకొకరిని చూపించింది. వేలితో పైకి తోస్తే ఇంకొకరు. మళ్ళీ తోస్తే ఇంకొకరు. సన్నబడాలంటే ఏమేం తినడం మానెయ్యాలో చెప్పేవాళ్ళు కూడా వచ్చారు. ఫోన్ పక్కన పెట్టి అద్దంలో చూసుకుంటే, తన భుజాలు తనకే నచ్చలేదు.

ముందు పొద్దుటి చద్దన్నం మానేసింది. అమ్మ అడిగితే "బళ్ళో తింటానమ్మా" అంది. అమ్మకి షెడ్డుకి టైమైపోతోంది, నమ్మింది. బళ్ళోనూ ఏమీ తినేది కాదు.

ఆ తర్వాత నవ్వడం మానేసింది. గౌతమి వచ్చి పిలిస్తే "తలనొప్పిగా ఉందే" అని ఫోన్ పట్టుకుని గోడవైపు తిరిగి పడుకునేది. అమ్మేమో, పిల్ల పెద్దదైంది, నెమ్మది వచ్చింది అనుకుని మురిసిపోయింది.

అలా కొన్ని నెలలు గడిచాక జిల్లా పోటీలు వచ్చాయి. ఈశ్వరి వదులు చొక్కా వేసుకుని వెళ్ళింది. గీత దాటి కూత మొదలెట్టింది. కబడ్డీ, కబడ్డీ, కబడ్... ఊపిరి అందలేదు. ఎవరూ ముట్టుకోకుండానే మట్టిలో కూలిపోయింది.

గౌతమి పరిగెత్తుకొచ్చి ఎత్తుకుంది. "ఇంత తేలిగ్గా ఉన్నావేమే?" అని ఏడ్చేసింది.

ఆ మాట వినగానే ఈశ్వరికి సంతోషం వేసింది. అలాంటి మాటకి సంతోషం వేసిందే అని ఆ పిల్లకే భయమేసింది.

ఆస్పత్రిలో బట్టలు మారుస్తూ సూరమ్మ కూతురి పక్కటెముకలు చూసింది. "నా కళ్ళముందే తిరిగావు కదే తల్లీ! నేనెట్లా చూళ్ళేదు?" అంది.

"నేను బాగోనమ్మా" అంది ఈశ్వరి. అన్ని నెలలుగా లోపల దాచుకున్న మాట అదొక్కటే.

సూరమ్మ జీడి అంటి నల్లబడ్డ చేతులతో కూతురి మొహం పట్టుకుని అలాగే కూర్చుంది.

డాక్టరమ్మ వచ్చి, "ఇది మొండితనం కాదమ్మా, జబ్బు. పిల్లని తిట్టకండి. నెమ్మదిగా తగ్గుతుంది" అంది. వారానికోసారి పిలిపించి ఈశ్వరితో మాట్లాడేది. వీడియోలు ఫోన్లోంచి తీసేశారు. మనసులోంచి అంత తొందరగా పోతాయా? కళ్ళు మూసుకుంటే ఆ నడుములే కనిపించేవి.

ఏంటమ్మా, మళ్ళీ ఆడిందా అంటావా? లేదు బుజ్జీ. కాళ్ళలో సత్తువ లేదుగా. జిల్లాలో గెలిచిన జట్టు రాష్ట్ర పోటీలకి ఆమె లేకుండానే బయల్దేరింది. ఈశ్వరి స్థానంలో వేరే పిల్లని తీసుకున్నారు.

ఈశ్వరి బస్సు దగ్గరికి వెళ్ళింది. గౌతమి కిటికీలోంచి చెయ్యి చాచి, బస్సు కదిలేదాకా ఆమె వేళ్ళు వదల్లేదు. బస్సు మలుపు తిరిగింది. అప్పుడు ఈశ్వరి రోడ్డు పక్కనే కూర్చుని, ఎవరు చూస్తే ఏమిటని, వెక్కి వెక్కి ఏడ్చింది.

ఏడ్చి ఏడ్చి ఇంటికొచ్చింది. సూరమ్మ బియ్యం ఏరుతోంది. ఈశ్వరి గుమ్మంలోనే నిలబడి, "అమ్మా, ఆకలేస్తోంది" అంది.

చేటలో సూరమ్మ చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆ తర్వాత గబగబా లేచి పొయ్యి వెలిగించింది. వేడన్నంలో పప్పు కలిపి ముద్దలు చేసి పెట్టింది. ఈశ్వరి నాలుగు ముద్దలు తింది. ఐదో ముద్ద దిగలేదు, కళ్ళనిండా నీళ్ళొచ్చాయి.

"చాలు తల్లీ, ఇవాళ్టికి చాలు" అంది అమ్మ.

కథ కదిలి కంచికి పోయింది,
కునుకొచ్చి మనింట్లో వాలింది.
కప్పుకో దుప్పటి బుజ్జమ్మా,
కళ్ళు మూసుకో చిట్టెమ్మా.